దువ్వెన దొరకని తలలు

1962లో కాలిఫోర్నియాలోని శాండియాగోలో క్షౌరశాల నడుపుకుంటున్న విల్లీ మారో అనే యువకుడి చేతికి నైజీరియా నుంచి ఒక చెక్క దువ్వెన వచ్చింది. పొడుగాటి పళ్లు, పంటికీ పంటికీ మధ్య బాగా ఎడం. అమెరికా దుకాణాల్లో అలాంటిది కనబడేది కాదు. అక్కడి దువ్వెనలు దాదాపు అన్నీ తెల్లవాళ్ల సాఫీ జుట్టును దృష్టిలో పెట్టుకుని చేసినవే. మారో దాన్ని నమూనాగా పెట్టుకుని ముందు చెక్కతో కొన్ని చేశాడు, తర్వాత ప్లాస్టిక్‌లో అచ్చుపోయించి అమ్మాడు. 1973లో ఒక పుస్తకం కూడా రాశాడు. దాని పేరు ‘400 ఇయర్స్ వితౌట్ ఎ కోంబ్’. నాలుగు వందల ఏళ్లు దువ్వెన లేకుండా బతికిన జనం అని. వినగానే అతిశయోక్తి అనిపిస్తుంది. నల్లవాళ్ల జుట్టు తత్వం, అమెరికాలో దానికి పట్టిన గతి తెలిస్తే మారో లెక్క మరీ తప్పు కాదనిపిస్తుంది.

ముందు జుట్టు సంగతి. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో చాలామందికి వెంట్రుక కుదురే చర్మం లోపల వంకర తిరిగి ఉంటుంది. వెంట్రుకను అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక నొక్కినట్టు కోలగా ఉంటుంది. అందుకే బయటికి వస్తూనే బాల్‌పెన్ను స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. మాడు మీద ఊరే జిడ్డు సాఫీ వెంట్రుక వెంట చివరిదాకా జారుతుంది. ఈ చుట్టల వెంట జారలేదు. కుదుళ్ల దగ్గర జిడ్డు, చివర్లేమో పొడిపొడి. పైగా ప్రతి మలుపూ ఒక బలహీనమైన చోటే. పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ల దువ్వెన పెట్టి లాగితే సరిగ్గా అక్కడే పుటుక్కున తెగుతుంది. తడిపి సాగదీస్తే జానెడున్న జుట్టు ఆరాక బెత్తెడు కూడా కనబడదు. వీళ్లకు జుట్టు పెరగదన్న అపోహ పుట్టింది ఇక్కడే. పెరుగుతుంది. పెరిగింది ముడుచుకుంటుంది, మిగతాది దువ్వెనకు పోతుంది.

ఆఫ్రికాలో ఇదంతా ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పే అవసరం లేకపోయింది. 2013లో కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియం ఆఫ్రో దువ్వెన చరిత్ర మీద ఒక ప్రదర్శన పెడితే, ఆ కథ ఈజిప్టులో 6,000 ఏళ్ల కిందట మొదలైంది. ఘనాలోని అకాన్ ప్రజలు చెక్క దువ్వెనను తమ ఆదింక్రా చిహ్నాల్లో చేర్చుకున్నారు. నైజీరియాలో యొరుబా స్త్రీలు పాయపాయకూ నల్లదారం బిగించి చుట్టి జుట్టును సాగదీస్తారు. అలా చేస్తే జుట్టు ముడుచుకోదు, చిక్కుపడదు, వేడితో పని లేదు. నమీబియాలో హింబా స్త్రీలు వెన్నలో ఎర్రమట్టి కలిపి జడలకు మెత్తుతారు. పశ్చిమాన షియా గింజల వెన్న ఉండనే ఉంది. తల దువ్వడమంటే ఒకరి ముందు ఒకరు గంటలకొద్దీ కూర్చోవడం. జడల తీరు చూసి మనిషిది ఏ తెగో, పెళ్లయిందో లేదో చెప్పగలిగే సమాజాలు ఎన్నో ఉండేవి.

ఆఫ్రికా ఒడ్డున బానిస నౌక ఎక్కించేటప్పుడు చాలామందికి గుండు కొట్టించేవారు. శుభ్రత కోసమని వర్తకుల మాట. దువ్వెనా నూనే దారమూ మాత్రమే కాదు, గంటలకొద్దీ కూర్చునే తీరికా ఆ ఒడ్డునే ఉండిపోయింది. తోటల్లో పనికి పెట్టాక వాళ్లకు అందుబాటులోకి వచ్చింది గొర్రెబొచ్చు చిక్కుతీసే ఇనుప పళ్ల బద్ద. దానితోనే తలలు దువ్వుకునేవాళ్లమని, 1930లలో అమెరికా ప్రభుత్వం మాజీ బానిసల జ్ఞాపకాలు సేకరించినప్పుడు ముసలివాళ్లు చెప్పుకొచ్చారు. నూనె బదులు పందికొవ్వు. వారమంతా తలగుడ్డ, జుట్టు బయటపడేది ఆదివారం ప్రార్థనకు వెళ్లేటప్పుడే. ఆ గుడ్డ కింద మాత్రం ఒక పని గుట్టుగా సాగేది. పాయలకు దారమో పాతగుడ్డ పేలికో చుట్టి వారమంతా అలాగే ఉంచి, ఆదివారం పొద్దున విప్పేవారు. జుట్టు సాగి, అలలు దేరి ఉండేది. ఇది యొరుబా దారం పనే. ఊరి పేరు, భాష మరిచిపోయిన వాళ్ల వేళ్లకు ఇది మాత్రం గుర్తుంది.

న్యూ ఆర్లియన్స్ కథ వేరు. 1786లో లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. అక్కడ బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి, మిశ్రమజాతి స్త్రీలు తలలు సింగారించుకుని వీధిలోకి వస్తుంటే గవర్నరు ఎస్తెబాన్ మీరోకు కంటగింపైంది. జుట్టు గుడ్డతో కప్పుకోవాలని ఉత్తర్వు తెచ్చాడు. వాళ్లు కప్పుకున్నారు. మెరిసే గళ్ల గుడ్డలు ఏరి తెచ్చుకుని, ఎత్తుగా, వయ్యారంగా చుట్టారు. శిక్ష కాస్తా సింగారమై కూర్చుంది. ఆ గళ్ల గుడ్డను అక్కడ ‘మద్రాస్’ అనేవారు. మన కోరమాండల్ తీరం మగ్గాల సరుకది. ఆ వ్యాపారం ఎంత గట్టిదంటే, 20వ శతాబ్దంలో కూడా చీరాల చుట్టుపక్కల నేతగాళ్లు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ నేసి పశ్చిమ ఆఫ్రికాకు పంపేవారు. చీరాల నేతను పొగిడే వ్యాసాలు బోలెడు వచ్చాయి గానీ, ఆ రుమాలు ఎవరి తలకెక్కిందో వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

1865లో బానిసత్వం చట్టరీత్యా పోయింది. తలల సంగతి అలాగే ఉంది. ఇళ్లలో కుళాయిలు లేవు, నెలకోసారి తలంటు. చుండ్రు, మాడు పుండ్లు, జుట్టు ఊడటం మామూలు. 1867 డిసెంబరు 23న లూసియానాలోని డెల్టాలో పుట్టిన శారా బ్రీడ్‌లవ్‌కూ ఆ తిప్పలే వచ్చాయి. ఏడేళ్లకు అమ్మానాన్నలు పోయారు, పద్నాలుగేళ్లకు పెళ్లి, ఇరవై ఏళ్లకు భర్త పోయి చంకన కూతురు. సెయింట్ లూయిస్ చేరి బట్టలుతికి బతికింది. ఆ ఊళ్లోనే అనీ టర్న్‌బో అనే నల్లజాతి వ్యాపారి తన కేశవర్ధిని ఇంటింటికీ తిప్పి అమ్మిస్తుంటే శారా ఏజెంటుగా చేరింది. 1905లో డెన్వర్ వెళ్లి, మరుసటేడు చార్లెస్ జోసెఫ్ వాకర్‌ను పెళ్లాడి, ‘మేడమ్ సి.జె. వాకర్’ పేరుతో సొంత మందు పెట్టింది. అదే 1906లో అనీ, అనుకరణల బెడద తట్టుకోలేక తన సరుకుకు ‘పోరో’ అని ట్రేడ్‌మార్కు తీసుకుంది. వాకర్‌కు దక్కిన కీర్తిలో సగం కూడా అనీకి దక్కలేదు. ఇది న్యాయం కాదు.

వాకర్ డబ్బాలో మహత్యమేమీ లేదు. ముఖ్యంగా గంధకం, పెట్రోలియం జెల్లీ. గంధకం చర్మరోగాలకు పాతకాలపు మందే. ఆమె అసలు మేలు చేసింది తల తరచూ కడగండి, మాడు మర్దన చేయండి అని ఊరూరా తిరిగి చెప్పడంలో. బట్టలుతికిన చేతులతో ఇండియానాపొలిస్‌లో ఫ్యాక్టరీ కట్టింది. 1917లో ఫిలడెల్ఫియాలో ఏజెంట్ల సమావేశం పెడితే రెండు వందలమందికి పైగా ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందు దొరికే పని వంటో, పాచిపనో. 1919 మే 25న చనిపోయే ముందు, నల్లవాళ్లను మూకలు కొట్టి చంపడాన్ని అరికట్టే పోరాటానికి 5,000 డాలర్లు ఇచ్చింది.

జుట్టు తిన్నగా సాగదీయడం నేర్పి జాతి అభిమానం చెడగొట్టిందని ఆమె మీద ఒక నింద ఉంది. కాల్చిన దువ్వెనను ఆమే కనిపెట్టిందని ఇంకో ప్రచారం. రెండోది తప్పు. వేడి ఇనుముతో జుట్టు తీర్చడాన్ని 1870లలో పారిస్‌లో మార్సెల్ గ్రాతో వ్యాప్తిలోకి తెచ్చాడు. మొదటిది అర్ధసత్యం. తనను ‘స్ట్రెయిటెనర్’ అంటే ఆమెకు గిట్టేది కాదు, కానీ ఆమె పద్ధతిలో ఆ దువ్వెన భాగమే.

ఆ దువ్వెన మూడు తరాల ఆడపిల్లల శనివారం రాత్రుల్ని ఏలింది. వంటింట్లో పొయ్యి మీద ఇనుప దువ్వెన కాలుతుంటుంది. అమ్మ దాన్ని పాత గుడ్డ మీద ఒకసారి అద్ది చూస్తుంది. గుడ్డ గోధుమరంగుకు తిరిగితే ఇంకాస్త ఆరాలి. పిల్ల చెవి మడిచి పట్టుకుని మెడ బిగబట్టాలి. జిడ్డు రాసిన పాయ మీద దువ్వెన పడగానే చుర్రుమంటుంది, మాడువాసన ఇల్లంతా కమ్ముతుంది. ఇంతా చేస్తే ఒక్క వాన చాలు. వేడికి తెగిన బంధాలు నీటిచుక్క తగలగానే మళ్లీ కుదురుకుని, జుట్టు మళ్లీ చుట్టలు తిరుగుతుంది. దీన్ని శాశ్వతం చేయాలని మగవాళ్లు కాస్టిక్ సోడాలో బంగాళాదుంప, గుడ్డు కలిపి తలకు పట్టించేవారు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో ఆ మంటను వర్ణించాడు, తల అలా కాల్చుకున్నందుకు తర్వాత ఎంత సిగ్గుపడ్డాడో కూడా రాసుకున్నాడు.

1960లలో గాలి మళ్లింది. దువ్వి పైకి లేపిన గుండ్రటి ఆఫ్రో జుట్టు ఊరేగింపుల్లోకి, వేదికల మీదికి వచ్చింది. 1970లో ఎఫ్‌బీఐ నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ కోసం గాలిస్తూ అతికించిన పోస్టర్లు ఆ జుట్టుకు అనుకోని ప్రచారం చేసిపెట్టాయి. జుట్టు సాఫీ చేసే క్రీములతో ఎదిగిన షికాగోలోని జాన్సన్ ప్రొడక్ట్స్ కంపెనీయే ఇప్పుడు ‘ఆఫ్రో షీన్’ అమ్మింది. వ్యాపారికి జెండా ఏదైతేనేం. ఈ తలలకు కావలసింది సరిగ్గా ఆ ఎడం పళ్ల దువ్వెన, అంటే మారో దగ్గరున్నది. చివర్న బిగించిన పిడికిలి గుర్తుతో వచ్చిన పిక్ దువ్వెనను కుర్రాళ్లు వెనక జేబులో కనబడేలా పెట్టుకుని తిరిగారు. అమెరికా సైన్యం కూడా మారోను పిలిపించింది. నల్ల సైనికుల జుట్టు ఎలా కత్తిరించాలో సైన్యం మంగళ్లకు తెలియదు మరి. ఆయన స్థావరాలు తిరిగి నేర్పించాడు.

ఇప్పుడు ఆ జుట్టును సహజంగా ఉంచుకునేవాళ్లకు తలంటు ఒక పూట పని. తలను నాలుగైదు భాగాలు చేసి పిన్నులు పెడతారు. ఒక్కో భాగాన్నీ తడిపి, కండిషనర్ దట్టంగా పట్టించి, ముందు వేళ్లతో, తర్వాత ఎడం పళ్ల దువ్వెనతో చిక్కు తీస్తారు. చివర్ల నుంచి మొదలుపెట్టి కుదుళ్ల వైపు వెళ్లాలి. పైనుంచి లాగితే చిక్కులన్నీ కిందికి జారి ఒకేచోట ముడిపడతాయి. షాంపూ మాడుకే, అదీ వారానికో రెండు వారాలకో. తడి ఆరకముందే తేమనిచ్చే క్రీము, దానిపైన నూనె. ఈ వరస మారకూడదు. పొడి జుట్టుకు నూనె దట్టిస్తే మెత్తబడుతుందన్న మన ఇళ్ల లెక్క ఇక్కడ పనిచేయదు. నూనె తేమను పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. ఆపైన రెండేసి పాయలు మెలిపెట్టి వదిలి, ఆరాక విప్పితే అందమైన అలలు. పడుకునేటప్పుడు శాటిన్ టోపీ. నూలు గలీబు తేమ పీల్చేస్తుంది, రాపిడికి చివర్లు చిట్లుతాయి. జడలు మరీ బిగించి అల్లితే నుదుటి అంచున జుట్టు శాశ్వతంగా పోయే ప్రమాదమూ ఉంది.

ఇంత ఓపిక లేనివాళ్లకు, ఇష్టపడి వేరే తీరు కోరుకునేవాళ్లకు సవరం ఉంది. సొంత జుట్టును మాడుకు అంటి సన్నటి జడలుగా అల్లి, వాటికి వేరే జుట్టు కుడతారు. ఆ జుట్టులో కొంత తిరుమల కల్యాణకట్టలో మొక్కుగా రాలింది. దేవస్థానం తలనీలాలను వేలం వేస్తుంది, వ్యాపారులు శుభ్రం చేసి ఎగుమతి చేస్తారు. 2009లో హాస్యనటుడు క్రిస్ రాక్ తీసిన ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ కెమెరా అక్కడిదాకా వచ్చింది. మొక్కు చెల్లించిన భక్తురాలికి తన జుట్టు ఎక్కడికి పోతుందో తెలియదు, కుట్టించుకున్న ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఈ లావాదేవీలో అన్నీ తెలిసింది మధ్యవాళ్లకే.

రసాయనాలతో సాఫీ చేసుకోవడం మీద సందేహాలు పెరిగాయి. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీల వివరాలు పరిశీలించారు. స్ట్రెయిటెనింగ్ రసాయనాలు ఎన్నడూ వాడనివాళ్లకు 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం అయితే, తరచూ వాడినవాళ్లకు 4.05 శాతం అని అంచనా వేశారు. రసాయనాలే కారణమని అది తేల్చలేదు, సంబంధం మాత్రం చూపింది.

సహజంగా ఉంచుకుంటే ఉద్యోగానికి ఎసరు రావచ్చు. 1981లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, తలకు అంటి అల్లిన జడలు వద్దన్న ఒక విమానయాన సంస్థ వైపే మొగ్గింది. ఆ జడలు పుట్టుకతో వచ్చినవి కావు, చేసుకున్నవి కాబట్టి నిషేధిస్తే వివక్ష కాదట. 2019లో కాలిఫోర్నియా ‘క్రౌన్ యాక్ట్’ తెచ్చి, జుట్టు తీరును బట్టి వివక్ష చూపడం నేరుగా నిషేధించిన మొదటి రాష్ట్రమైంది. అదే బిల్లు 2022లో అమెరికా ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగింది.

ఈత కొలనులో గొడవ ఇంకా తాజాది. ఒత్తుగా పైకి లేచే జుట్టు మామూలు ఈత టోపీలో పట్టదు. బ్రిటన్‌లో ‘సోల్ క్యాప్’ అనే సంస్థ పెద్ద టోపీలు తయారుచేసింది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు, 2021లో, అంతర్జాతీయ ఈత సమాఖ్య వాటికి అనుమతి ఇవ్వనంది. అవి తల సహజ ఆకృతికి తగ్గట్టు లేవని కారణం చెప్పింది. ఎవరి తల అని దుమారం లేచాక, 2022 సెప్టెంబరులో అనుమతించింది.