ఎమ్డెన్ రాత్రియు, తెరమీది యుద్ధమును

చెన్నపురి తెలుగు కుటుంబములలో గట్టిపిండమైన వానిని చూచి పెద్దలు "వీడొక ఎమ్డెన్" అనుట మేము చిన్ననాట వినియున్నాము. అరవవారి యిండ్లలోను ఈ మాట గలదు. అది 1914వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మన కిచ్చిపోయిన మాట.

ఆ రాత్రి సుమారు తొమ్మిదిన్నర గంటలకు ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక రేవునకు చేరువగా వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీవారి చమురు తొట్లపై గుండ్లు కురిపించెను. 100కు పైగా గుండ్లు పడినవి. తొట్లు అంటుకొని మండినవి. ఒక గుండు హైకోర్టు ప్రహరీగోడను తాకినది. తరువాతి దినములలో వేలకొలది జనులు మూటాముల్లెలతో ఊరు విడిచిపోయిరి.

ఆ చీకటిలో జరిగినదానిని పట్టుకొనుట నాటి చలనచిత్ర యంత్రమునకు సాధ్యము కాదు. అది బరువైన చెక్కపెట్టె. ముక్కాలిపై నిలిపి చేతితో పిడి త్రిప్పవలెను. ఫిలింకు మంచి పగటివెలుతురు కావలెను. మరునాటి పొగను చూపు ఛాయాచిత్రములు మాత్రము దక్కినవి. నగరమున సినిమా తెలిసినవారు లేకపోలేదు. బందరునుండి వచ్చి యిచ్చట ఫోటోస్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు అంతకుముందే క్రోనోమెగాఫోను తెప్పించి, సింహళము, బర్మాలవరకు తిరిగి బొమ్మలు చూపియుండిరి. మౌంట్‌రోడ్డున గెయిటీ హాలు కట్టించినవారును వారే.

1914 నవంబరు 9న కోకోస్ దీవులకడ ఆస్ట్రేలియా నౌక సిడ్నీ ఎమ్డెన్‌ను చావగొట్టెను. ఎమ్డెన్ ఉత్తర కీలింగ్ దీవి ఒడ్డున తగులుకొని శిథిలమయ్యెను. మరుసటి యేడు ఆల్ఫ్రెడ్ రోల్ఫ్ అను ఆస్ట్రేలియా దర్శకుడు దీనిని చిత్రముగా తీసెను. అందులో ఓడ శకలములు నిజమైనవి, దీవికి పోయి తీసినవి. కథాభాగమును నటులు ఆడినారు. రెండింటిని ఒకే రీలులో అతికినప్పుడు శకలముల నిజము నటనకు కూడ అంటుకొనును. ఇదియే మాకు చిక్కుగా తోచుచున్నది.

ఇంతకంటె ప్రసిద్ధమైనది 1916 ఆగస్టులో లండనులో విడుదలయిన సోమ్ యుద్ధ చిత్రము. మాలిన్స్, మెక్‌డొవెల్ అను ఇద్దరు తీసినారు. మొదటి ఆరు వారములలో సుమారు 2 కోట్ల మంది చూచిరని ప్రసిద్ధి. సైనికులు కందకమునుండి పైకెక్కి పోవుచుండగా ఇద్దరు ముగ్గురు కూలిపడు దృశ్యమును చూచి జనులు కన్నీరు పెట్టిరి. ఆ దృశ్యము యుద్ధభూమిలో తీసినది కాదు. వెనుకనున్న శిక్షణశిబిరమున ఆడించి తీసినది. కెమేరా నిలిచిన చోటు చూచినను అనుమానము కలుగును. నిజపు పోరులో అచ్చట నిలిచినవాడు బ్రతుకుట దుర్లభము. అయినను ఆ చిత్రమునంతటిని బూటకమనుట అన్యాయము. హాథార్న్ దిబ్బక్రింద మందుపాతర పేలుట, గాయపడినవారిని మోసికొనివచ్చుట నిజమైనవి. 1916 జూలై 1న ఒక్కదినముననే బ్రిటిషువారు 19,000 మందికి పైగా చనిపోయిరి. ఆ చావులకు సాక్ష్యము కావలసియుండగా కొన్ని క్షణముల నటనను చేర్చి, అది నటనయని చెప్పకపోవుట మాకు నచ్చదు.

జర్మనులు 1926లో ఎమ్డెన్‌పై చిత్రము తీసిరి. దానిని సంపాదించి కెన్ హాల్ అను ఆస్ట్రేలియావాడు 1928లో తమవైపు దృశ్యములను చేర్చెను. ఆ దృశ్యములకు ఆస్ట్రేలియా నౌకాదళమువారే తోడ్పడిరి. నావికులు నిజమైనవారే, యుద్ధము మాత్రము పదునాలుగేండ్లనాటిది! దీనిని సాక్ష్యమనవలెనా, వేషమనవలెనా? మేము వేషమనియే యందుము, ఎంత శ్రద్ధతో కట్టినదైనను.

కావున ఎమ్డెన్ పేరిట మన పిల్లలకు ఏదైన కదలుబొమ్మ కనబడినచో, ఇది ఎవరు, ఎప్పుడు, ఎచ్చట తీసినదని అడుగుట నేర్పవలెను. ఊరు విడిచిపోయినవారి మాటలు పెద్దలనోట విన్న కుటుంబములు కొన్నియైనను మన సంఘమున నుండవచ్చును. అవి వ్రాసి ఉంచవలెను. హైకోర్టు గోడలో గుండు తగిలినచోట ఒక ఫలకము గలదు. సముద్రమువైపు దారిన పోవువారు ఒకసారి ఆగి చూడవచ్చును.