రిజిస్టరులో పేరు నుంచి తెరపై అంకె దాకా

కంప్యూటరు రాకముందు రైల్లో బెర్తు దొరికిందా లేదా అన్నది తేల్చేది కౌంటరు గుమాస్తా ముందున్న లావుపాటి రిజిస్టరే. ఏ బండికి ఆ పుస్తకం, ఏ తేదీకి ఆ పేజీ. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషనుకు టెలిగ్రాం వెళ్లాలి, జవాబు రావాలి. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్న మనిషికి తన ముందున్నవాళ్లలో ఎందరు ప్రయాణం మానుకున్నారో తెలిసే దారే లేదు. ప్లాట్‌ఫారం మీద అంటించిన చార్టులో వేలు పెట్టి పేరు వెతుక్కోవాల్సిందే. దళారులకు కలిసొచ్చింది ఈ తెలియనితనమే.

1985లో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ మొదలైంది. ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ తయారుచేసిన ఆ వ్యవస్థతో ఒకే కౌంటరులో ఏ బండికైనా టికెట్టు ఇవ్వడం సాధ్యమైంది. కానీ ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు దేనికవే విడిగా ఉండేవి. వాటిని కలపడానికి రైల్వే సొంత సంస్థ క్రిస్ ‘కాన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్ రూపొందించింది. 1994లో అది తొలిసారి పనిచేసింది మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒక్కటయ్యాయి. 2002లో ఇంటర్నెట్ టికెట్లు వచ్చాయి.

అప్పటిదాకా గుమాస్తాకే తెలిసిన వరుస ఇప్పుడు ప్రయాణికుడికీ కనిపిస్తోంది. టికెట్టు మీద 40/8 అని ఉంటే, కొన్నప్పుడు నలభయ్యో స్థానం, ఇప్పుడు ఎనిమిదోది. అయితే చాలామంది అంకెనే చూస్తారు, దాని ముందున్న అక్షరాలు చూడరు. అసలు సంగతి అక్కడే ఉంది. జీఎన్‌డబ్ల్యూఎల్ అంటే జనరల్ కోటా. ప్రధానంగా బండి బయల్దేరే చోట ఎక్కేవాళ్లది. ఆ కోటాలో బెర్తులెక్కువ, కాబట్టి రద్దులూ ఎక్కువే. వాడని ప్రత్యేక కోటాల బెర్తులు చార్టు వేళకు విడుదలైతే లిస్టు ఇంకొంచెం కదులుతుంది. మధ్య స్టేషన్ల వాళ్లకుండే పీక్యూడబ్ల్యూఎల్, ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ అలా కాదు. బెర్తులే కొద్ది, రద్దులూ కొద్దే. జనరల్‌లో 30 కన్ఫర్మ్ అయిన బండిలోనే ఇక్కడ 6 కదలకుండా ఉండిపోవచ్చు. తత్కాల్ వెయిటింగ్ మీద ఆశ మరీ తక్కువ. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోస్తాకు వెళ్లే బండ్లలోనైతే ప్రయాణం మానుకునేవాళ్లే అరుదు, ఏ లెక్కా పనిచేయదు.

ఆర్‌ఏసీ వరకు వస్తే సగం గట్టెక్కినట్టే. సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరు సర్దుకుని కూర్చోవాలి, కానీ బండి ఎక్కే హక్కు ఉంటుంది.

చార్టు తర్వాత కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్టు దానంతటదే రద్దవుతుంది. దశాబ్దాలపాటు ఆ చార్టు బండి కదలడానికి సుమారు 4 గంటల ముందు వచ్చేది. పల్లె నుంచి బస్సెక్కి సికింద్రాబాద్ చేరాల్సిన కుటుంబం బెర్తు ఖాయమైందో లేదో తెలియకుండానే సామాన్లు సర్దుకుని బయల్దేరేది. 2025లో చార్టు వేళను ముందుకు జరిపింది ఈ ఇబ్బంది తగ్గించడానికే. చాలా ఏళ్ల కిందటే జరగాల్సిన మార్పు అది.