ఉక్కు లోపలి వేడి: ఫారడే నుంచి నేటి వరకు

కొలిమిలో కాగుతున్న ఇనుము ఎంత వేడెక్కిందో కమ్మరి దాని రంగును బట్టి గ్రహిస్తాడు. ముదురు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు: తరతరాలుగా అవే అతని కొలమానాలు. మూస ఉక్కుకు పేరుపొందిన నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం నుంచి ఐరోపా కార్ఖానాల దాకా ఈ విద్యే ఆధారం. అయితే రంగు చెప్పేది ఉపరితలం సంగతి మాత్రమే. పైన నల్లబడిన దిమ్మ లోపల ఇంకా ఎర్రగానే ఉండవచ్చు.

ఆ లోపలి సంగతి తెలుసుకొనే మార్గానికి పునాది వేసినవాడు మైఖేల్ ఫారడే. అతడు కమ్మరి కొడుకు. 1819లో అతడు మన దేశపు ఉక్కును, అంటే ఆంగ్లేయులు 'వూట్జ్' అని పిలిచిన లోహాన్ని, రసాయనికంగా విశ్లేషించాడు. ఆ పేరు కన్నడ, తెలుగు భాషల 'ఉక్కు' నుంచే పుట్టిందని పలువురి అభిప్రాయం. దాని గుణానికి అల్యూమినా, సిలికాల మూలధాతువులు కారణమని అతడు భావించాడు. అది పొరపాటని, అసలు కీలకం అధికంగా ఉన్న కర్బనమని తరువాత తేలింది. ఉక్కు రహస్యం అతనికి అందలేదు. కాని 1831లో అతడు కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ లోహంలోకి తొంగిచూసే సాధనమైంది.

మారే అయస్కాంత క్షేత్రం లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుందని 1855లో ఫూకో ప్రయోగపూర్వకంగా చూపాడు. 1879లో డేవిడ్ హ్యూస్ తీగచుట్టల మధ్య నాణేలను ఉంచి, వాటి లోహభేదాన్ని టెలిఫోన్‌లో ధ్వనిగా విన్నాడు. ఇక్కడ వేడి ప్రమేయం ఏమిటి? రాగిని ఒక డిగ్రీ వేడిచేస్తే దాని విద్యున్నిరోధం సుమారు 0.4 శాతం పెరుగుతుంది. నిరోధం మారితే సుడి ప్రవాహాలు మారతాయి. ఆ మార్పును తీగచుట్ట గ్రహిస్తుంది. పైగా సాధారణ ఉష్ణోగ్రత వద్ద 50 హెర్ట్జ్‌ల ప్రవాహం రాగిలోకి దాదాపు 9 మిల్లీమీటర్లు చొచ్చుకుపోతే, 10,000 హెర్ట్జ్‌లది ఒక మిల్లీమీటరైనా పోదు. కనుక పౌనఃపున్యాన్ని మారుస్తూ ఉపరితలాన్నీ లోతునూ వేర్వేరుగా పరిశీలించవచ్చు.

ఇనుము విషయంలో మరో విశేషముంది. ఎర్రగా కాగిన ఇనుమును అయస్కాంతం ఆకర్షించదని 1600లోనే గిల్బర్ట్ గ్రంథస్థం చేశాడు. ఈ పరివర్తనను పియరీ క్యూరీ 1895లో క్రమబద్ధంగా పరిశీలించాడు. శుద్ధమైన ఇనుముకు ఆ హద్దు సుమారు 770 డిగ్రీల సెల్సియస్. అందుకే నేటి ఉక్కు కర్మాగారాలలో రోలింగ్ అయి చల్లారుతున్న రేకు దగ్గర అమర్చిన తీగచుట్టలు అయస్కాంత గుణం తిరిగి వచ్చే తీరును పసిగట్టగలవు. ఆ తీరును బట్టి ఉక్కు లోపలి స్ఫటిక నిర్మాణం ఎంతవరకు మారిందో అంచనా కట్టవచ్చు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. ఈ సాధనాలు ఉష్ణోగ్రతను నేరుగా కొలవవు. లోహ మిశ్రమం మారినా, రేకు మందం మారినా, చుట్టకూ రేకుకూ మధ్య ఎడం మారినా సంకేతం మారుతుంది. ఈ కారణాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసే పద్ధతులను రూపొందించినవారిలో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిష్ ఫోర్‌స్టర్ ముఖ్యుడు. అయినా ఏ మార్పు వేడి వల్ల వచ్చిందో, ఏది కాదో తేల్చడానికి ఆ లోహపు స్వభావం ముందే తెలిసి ఉండాలి. కమ్మరికి రంగు ఎలాగో మనకు ఈ సంకేతమూ అలాగే: అది ఆనవాలే తప్ప ఉష్ణోగ్రత కాదు. తేడా ఒక్కటే, ఈ ఆనవాలు లోహం లోపలి నుంచి వస్తుంది.