పటికలోని నాలుగవ స్థిరాంకం

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు సీమలో, వాననీరు తేరడానికి బిందెలో పటికబిళ్ళను త్రిప్పడం గిల్లేసూగూరు వంటి పల్లెలకు కొత్త సంగతి కాదు. పటిక అన్న మాట ‘స్ఫటిక’ శబ్దానికి తద్భవం. స్ఫటికశాస్త్ర చరిత్రలో ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు సరిదిద్దిన పొరపాటుకు ఈ పటికతోనే సంబంధం ఉండడం ముచ్చట గొలిపే విషయం.

మెరిసేదల్లా స్ఫటికమని లోకుల భావన. గాజు మెరుస్తుంది; అది స్ఫటికం కాదు. అణువులో, అయాన్లో అన్ని దిక్కులా ఒకే క్రమంలో పదే పదే అమరిన ఘనపదార్థమే స్ఫటికం. ఆ స్థానాల చట్రం జాలకం. గోడకు ఇటుక వలె, స్ఫటికానికి మూలమైన ఖండం యూనిట్ సెల్. ఒక అక్షం చుట్టూ కొంత కోణం త్రిప్పినా అమరిక మునుపటివలెనే ఉంటే, అది ఒక విధమైన సౌష్ఠవం.

సౌష్ఠవాన్ని బట్టి 1830లో హెసెల్ 32 వర్గాలను, 1850 నాటికి బ్రావే 14 జాలకాలను, 1891 నాటికి ఫెదొరోవ్, షోన్‌ఫ్లీస్‌లు 230 అంతరాళ సమూహాలను లెక్కగట్టారు. లోపలి క్రమానికి ఎక్స్‌కిరణాల నిదర్శనం దొరికింది 1912లో, లౌయే వలన! అంతవరకు సాగినదంతా జ్యామితి బలమే. విద్యార్థులు ఈ అంకెలను పరీక్షకై వల్లెవేస్తారు గాని, వాటి ప్రయోజనం వారికి చెప్పేవారు అరుదు.

ఆ ప్రయోజనాన్ని చూపినవారు సూరి భగవంతం. నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో రామన్ వద్ద చేరారు. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనారు.

పారదర్శకమైన స్ఫటికాన్ని నొక్కితే, దాని గుండా సాగే కాంతి వేగం దిశనుబట్టి మారుతుంది. ఈ మార్పును సంపూర్ణంగా తెలుపడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలి? సౌష్ఠవం ఏమీ లేని స్ఫటికానికి 36. సౌష్ఠవం హెచ్చినకొద్దీ ఆ సంఖ్య తగ్గుతుంది. జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ 19వ శతాబ్ది చివర వేసిన పట్టికలో, సమఘన వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నిటికీ 3 చాలునని ఉన్నది. సుమారు అర్ధశతాబ్దం అది చెల్లుబాటయింది.

ఉప్పుకు ఆ మాట నిజమే. ఉప్పు అమరికను 90 డిగ్రీలు త్రిప్పినా తేడా కనబడదు. పటికకు ఆ గుణం లేదు. అయినా అది సమఘన వ్యవస్థలోనిదే. ఎందుకంటే ఆ వ్యవస్థకు గుర్తు 90 డిగ్రీల భ్రమణం కాదు, ఘనపు నాలుగు మూలమట్టాల చుట్టూ 120 డిగ్రీల భ్రమణం. చాలామంది తడబడేది ఇక్కడే. సమూహ సిద్ధాంతంతో లెక్కించి, పటిక చెందిన వర్గానికి 3 కాదు, 4 స్థిరాంకాలుండాలని భగవంతం 1942లో తేల్చారు. మరికొన్ని వర్గాల సంఖ్యలు కూడా అదే లెక్కలో మారినవి.

ఈ పద్ధతిని వివరిస్తూ ఆయన, టి. వెంకటరాయుడు కలిసి ఆంగ్లంలో రచించిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రకటించింది.