పాత పుస్తకం, కొత్త జాలం

వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలసింది. ఆ సంస్థానపు రాజా రామేశ్వరరావు గారు తరువాత ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధిపతి అయ్యారు. కోట చదువుకు, రాజు పుస్తకాలకు! మరి ఆ ప్రాంతపు విద్యార్థి వెబ్‌సైట్ల నిర్మాణం నేర్వడానికి పుస్తకంపై వెచ్చించే వందల రూపాయలకు ఫలమెంత?

ప్రోగ్రామింగు పుస్తకాన్ని నేను పాత భూగోళ గ్రంథంలా చదువుతాను. 2016 అక్టోబరు 11కు ముందు అచ్చయిన గ్రంథంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. నేడు మూడూ జిల్లా కేంద్రాలు. అయినా గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమనే ఉంది కదా! వెబ్ పుస్తకాలలోనూ నదులు వేరు, సరిహద్దులు వేరు. విహారిణి అడుగుతుంది, సర్వరు బదులిస్తుంది: ఈ హెచ్‌టీటీపీ పద్ధతి నది. ఫాంట్ ట్యాగు సరిహద్దు. 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4 దానిని వద్దన్నా, తరువాత కూడా పుస్తకాలు నేర్పుతూనే వచ్చాయి. పాత పీహెచ్‌పీ పుస్తకాలు బోధించిన మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లనైతే 2015లో వచ్చిన ఏడవ వెర్షను తొలగించనే తొలగించింది. ఆ అధ్యాయాన్ని పొల్లుపోకుండా టైపు చేసినా నేడు దక్కేది దోషసందేశమే.

మన లిపి 1991లోనే యూనికోడులో చేరింది. కాబట్టి యూటీఎఫ్-8 ఊసే లేని పుస్తకాన్ని నేను తెలుగు విద్యార్థికి సూచించను. ముందుగా ముద్రణ సంవత్సరం, వెర్షను చూడమంటాను. ఆపై తొలి ఉదాహరణలో ఆంగ్లానికి బదులు "గద్వాల" అని వ్రాసి విహారిణిలో తెరవమంటాను. అక్షరాలు పిచ్చిగీతలైతే, మెటా ట్యాగులో ఏమి వ్రాయాలో ఆ పుస్తకం చెప్పిందేమో వెదకమంటాను.