రాజీనామా రాయించుకుని పంపేస్తే? పైలట్ల కేసులు పాశమైలారం కార్మికుడికి ఎలా పనికొస్తాయి

కొవిడ్‌తో విమానాలు సరిగా ఎగరని రోజులవి. 2020 ఆగస్టు 13న ఎయిరిండియా 40 మందికి పైగా పైలట్లను ఇంటికి పంపింది. వాళ్లు అంతకుముందు రాజీనామా ఇచ్చినా, అది అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకున్నారు. అయినా సంస్థ పాత లేఖలనే ఆమోదించింది. 2021 జూన్ 1న ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. వాళ్లను తిరిగి తీసుకోవాలని, మధ్యకాలపు జీతం కూడా చెల్లించాలని ఆదేశించింది.

లక్షల జీతం తీసుకునే పైలట్‌కూ, పాశమైలారం ఫార్మా యూనిట్లో షిఫ్టు చేసే ఆపరేటర్‌కూ ఏమిటి సంబంధం? కింగ్ ఎయిర్‌వేస్ కేసులో ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. పైలట్ కార్మికుడే కాదని యాజమాన్యం వాదించింది. చేసేది నైపుణ్యంతో కూడిన సాంకేతిక పని కాబట్టి పైలట్ కూడా చట్టం దృష్టిలో కార్మికుడేనని ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఈ తీర్పులకు తెలంగాణలో కోర్టులు కట్టుబడాల్సిన పని లేదు కానీ, వాదనలో చూపించుకోవచ్చు.

అంటే విజిటింగ్ కార్డు మీద ‘ఎగ్జిక్యూటివ్’ అని ఉన్నంత మాత్రాన హక్కు పోదు. రోజూ చేసే పనేమిటన్నదే ముఖ్యం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం మేనేజర్ పని చేసేవాళ్లు, రూ.18,000 కంటే ఎక్కువ జీతంతో సూపర్‌వైజర్ పని చేసేవాళ్లు దీని పరిధిలోకి రారు.

ఏడాది సర్వీసు ఉన్న కార్మికుడిని ‘మనుషులు ఎక్కువయ్యారు’ అని తీసేయాలంటే నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. దాంతోపాటు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం లెక్కన పరిహారం కట్టాలి. 12 నెలల్లో 240 రోజులు పని చేస్తే ఏడాది సర్వీసుగానే లెక్క. తప్పు చేశాడని తీసేస్తే మాత్రం ఛార్జిషీటు, విచారణ ఉండాలి. ఈ తలనొప్పి తప్పించుకోవడానికే కొందరు హెచ్‌ఆర్ అధికారులు తెల్ల కాగితం ముందు పెట్టి ‘నువ్వే మానేస్తున్నట్టు రాయి’ అంటారు. రాయకండి. ఒత్తిడికి రాసేసి ఉంటే అదే రోజు ‘నా రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను’ అని ఈమెయిల్ పంపండి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపి రసీదు దాచుకోండి. ఆలస్యమైతే కేసు బలహీనపడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి? పటాన్‌చెరు, బొల్లారంలోని ప్రైవేటు ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వాలి. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వంటి కేంద్ర సంస్థ అయితే, అందులో కాంట్రాక్టు కార్మికుడైనా సరే, హైదరాబాద్‌లోని కేంద్ర కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాలి. పైలట్లదీ కేంద్రం దారే. ఒక్కరే వెళ్లొచ్చు, యూనియన్ అక్కర్లేదు. రాజీ కుదరకపోతే అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో ట్రైబ్యునల్‌లో దరఖాస్తు వేసుకోవాలి. పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండేది. ఇప్పుడు వివాదం మొదలై రెండేళ్లు దాటితే రాజీ ప్రక్రియే చేపట్టరు.

తొలగింపు చెల్లదని తేలితే పాత జీతంతో ఉద్యోగం తిరిగి ఇవ్వడమే సాధారణ నియమమని 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ మధ్యలో మరోచోట సంపాదన లేదని కార్మికుడు ముందుగా చెప్పుకోవాలి. కాదని నిరూపించాల్సింది యాజమాన్యం. కేసు నడుస్తుండగా పీఎఫ్ ఖాతాలో కొత్త కంపెనీ పేరు కనిపిస్తే వాళ్ల లాయర్ మొదట తీసేది ఆ కాగితమే.