మదనపల్లె కాలేజీ చరిత్రలో ఒక ఇల్లాలు



పంద్రాగస్టు నాడు బడిలో పిల్లలు ‘జనగణమన’ అందుకోగానే మనమూ చేతిలో పని వదిలి నిలబడతాం. ఆ పాటకూ మన మదనపల్లెకూ సంబంధం ఉందని చాలామంది వినే ఉంటారు. ఆ సంబంధం ఎలా కుదిరింది, దానికి ముందు అక్కడి కాలేజీ ఎంత కష్టపడింది అన్నది మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. ఈ రోజు ఆ ముచ్చట చెప్పుకుందాం.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆ రోజుల్లో మదనపల్లె వాళ్ళయినా, పుంగనూరు వాళ్ళయినా, రైలుదారి మీదున్న కుప్పం వాళ్ళయినా, పిల్లవాణ్ణి బి.ఏ. చదివించాలంటే పెట్టె సర్ది దూరదేశం పంపాల్సిందే. అప్పటికి ఆంధ్రా యూనివర్సిటీ లేదు, అది 1926లో వచ్చింది. తిరుపతిలో వేంకటేశ్వర యూనివర్సిటీ మరీ తర్వాత, 1954లో. అలాంటి కాలంలో, 1915లో, దివ్యజ్ఞాన సమాజం తరఫున అనీబిసెంటు గారు మదనపల్లెలో కాలేజీ పెట్టించారు. అనంతపురంలో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ వచ్చింది ఆ మరుసటి ఏడే. బిసెంటు గారి పేరు కలుపుకుని మదనపల్లె కాలేజీని ఇప్పుడు బి.టి. కాలేజీ అంటాం.

కాలేజీ వచ్చిన సంబరం రెండేళ్ళయినా నిలవలేదు. బిసెంటు గారు హోంరూలు ఉద్యమం నడిపిస్తున్నారు. విద్యార్థులు రాజకీయ సభలకు పోకూడదని 1917లో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడు జూన్‌లో ఆవిణ్ణి ఊటీలో నిర్బంధించారు. మదనపల్లె విద్యార్థులు ఊరుకోలేదు, ఉద్యమంలోకి దిగారు. మద్రాసు యూనివర్సిటీ కాలేజీకి గుర్తింపు తీసేసింది.

గుర్తింపు పోవడమంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. సర్కారు ముద్ర లేని చదువుకు సర్కారు ఉద్యోగం రాదు. అప్పోసప్పో చేసి చదివిస్తున్న తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడి ఉంటుంది. అయినా కాలేజీ మూతపడలేదు. అడయారులో బిసెంటు గారు నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయంలో చేరిపోయింది. ఆ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ ఎవరనుకున్నారు? రవీంద్రనాథ్ టాగూరు! ఆ విధంగా మదనపల్లె కాలేజీ ఆయనకు స్వంత కాలేజీ లాంటిదయింది.

అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశస్థుడు, కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ పుచ్చుకున్నావిడ. ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడి, ఇండియాకు రాకముందే జైలుకు వెళ్ళి వచ్చిన ధైర్యస్థురాలు. మదనపల్లె వచ్చాక కూడా ఇంటిపట్టున కూర్చోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళను చేర్చి అబలా అభివర్ధినీ సమాజం నడిపారు. 1917లో అడయారులో భారత మహిళా సంఘం పెట్టిన వాళ్ళలో ఆవిడ ముఖ్యురాలు. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు గారి నాయకత్వాన కొందరు స్త్రీలు మద్రాసులో మాంటేగు దొరను కలిసి ఓటు హక్కు అడిగారు. ఆ ప్రయత్నం వెనక మార్గరెట్ గారున్నారు. 1921లో మద్రాసు రాష్ట్రంలో ఆస్తిపాస్తులున్న స్త్రీలకైనా ఓటు దొరికింది.

ఇక 1919. దక్షిణాది పర్యటనలో అలసిన టాగూరు విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చి కజిన్స్ దంపతులకు అతిథి అయ్యారు. ఒక సాయంత్రం విద్యార్థుల మధ్య కూర్చుని ‘జనగణమన’ పాడి వినిపించారు. ఫిబ్రవరి 28న దాన్ని తన చేతనే ఇంగ్లీషులో రాసి ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ అని పేరు పెట్టారు. మార్గరెట్ గారు విద్యార్థుల చేత పాడిస్తూ పాటకు స్వరాలు రాశారు. టాగూరు విని మెచ్చుకున్నారు.

బాణీ కట్టిందే ఆవిడని మన వైపు కొందరంటారు. అది సరికాదండీ. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసులోనే పాట పాడారు, బాణీ అప్పటికే ఉంది. నోటితో పాడే పాటను ఎక్కడివాళ్ళయినా నేర్చుకునేలా కాగితం మీద పెట్టడం ఆవిడ చేసిన పని. అది చిన్న పనేమీ కాదు. 1950 జనవరి 24న ఆ పాటే మన జాతీయగీతమయింది.

తర్వాత కాలేజీకి యూనివర్సిటీ గుర్తింపు మళ్ళీ వచ్చింది. మార్గరెట్ గారు 1927లో అఖిల భారత మహిళా సభ స్థాపనకు పాటుపడ్డారు. 1932లో సర్కారు ఆర్డినెన్సులకు ఎదురు మాట్లాడి వేలూరు జైలుకు వెళ్ళారు. 1954లో కన్నుమూశారు. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కాలం చేశారు.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోతే, అక్కడ 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం కనిపిస్తుంది. మన ఆడపిల్లలకు ఇప్పుడు పై చదువు కోసం మద్రాసు ప్రయాణం తప్పనిసరి కాదు. కానీ, ఒక్క మాట. మదనపల్లె కాలేజీని దేశమంతా తలుచుకునేది సర్కారు ముద్ర లేని ఆ రోజుల వల్లనే. ఆ ముద్ర కోసం వాళ్ళు తలవంచి ఉంటే, టాగూరుకు ఆ కాలేజీతో అంత చుట్టరికం కుదిరేది కాదేమో.

ఇంకొకటి. మార్గరెట్ గారిని చాలామంది ‘ప్రిన్సిపాల్ గారి భార్య’ అనే చెప్పి ఊరుకుంటారు. మీ పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆవిణ్ణి ఆవిడ పేరుతోనే చెప్పండి.